ట్రంపెట్ మ్యూట్: కార్ఖానా సగం, కళాకారుడు సగం

ట్రంపెట్ అనగానే మనవాళ్ళకు పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళం గుర్తుకొస్తుంది, లేదా ఆగస్టు 15న పరేడ్ మైదానంలో పోలీసు బ్యాండు. రెండుచోట్లా ఆ వాద్యానికి అప్పజెప్పిన పని ఒకటే: వీధి చివరిదాకా వినబడటం. కాబట్టి దాని నోటికి అడ్డుగా ఏదో పెట్టి వాయిస్తారంటే చాలామందికి వింతగా ఉంటుంది. కానీ సింఫనీ ఆర్కెస్ట్రాలోనూ, జాజ్ బృందంలోనూ, అమెరికాలో మన పిల్లలు చేరే స్కూలు బ్యాండ్లలోనూ ట్రంపెట్ వాయించేవాళ్ళ కుర్చీ పక్కన మ్యూట్లు కనిపిస్తాయి. ట్రంపెట్ ముందుభాగంలో గంటలా విచ్చుకున్న నోటిని బెల్ అంటారు. అందులో దూర్చే బోలు పరికరమే మ్యూట్. అల్యూమినియంతోనో, రాగితోనో, గట్టి అట్టతోనో చేస్తారు. దాని పక్కలకు అంటించిన కార్క్ ముక్కలు బెల్ లోపలి గోడను పట్టుకుని దాన్ని జారిపోకుండా నిలబెడతాయి. చూడటానికి ఇది శబ్దాన్ని తగ్గించే మూతలాగే ఉంటుంది. కొన్న పిల్లలూ, కొనిచ్చిన తల్లిదండ్రులూ అలాగే అనుకుంటారు. అది పెట్టగానే శ్రుతి చెడితే తప్పు పిల్లవాడి పెదాలదనో, చవకబారు మ్యూట్‌దనో తేల్చేస్తారు. నిజానికి మ్యూట్ కార్ఖానాలో సగమే తయారవుతుంది. ఫలానా బెల్‌లో అది ఎంత లోతుకు దిగాలి, చుట్టూ ఎంత సందు మిగలాలి అన్న మిగతా సగం వాయించేవాళ్ళ చేతిలో తేలాల్సిన పని. నాదం బాగుండటానికీ, శ్రుతి కుదరటానికీ కీలకం ఆ సందులోనే ఉంది. పెదాలతో కుస్తీ పట్టకముందే, మరో మ్యూట్‌కు డబ్బు పెట్టకముందే, చేతిలో ఉన్నదాన్ని సరిచేసుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

దీన్ని నమ్మాలంటే ముందు ట్రంపెట్ ఎలా పలుకుతుందో కొంచెం చూడాలి. మామూలుగా వాడే బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టాన్ని చుట్టలు విప్పి చాపితే పొడవు దాదాపు 148 సెంటీమీటర్లు ఉంటుంది. చాలా దూరం వరకు లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లకు మించదు. చివరి భాగంలో మాత్రం విచ్చుకుంటూ పోయి, బెల్ అంచు దగ్గర దాదాపు 12 సెంటీమీటర్లకు చేరుతుంది. పెదాల అదురు గొట్టంలోకి గాలి అలలను పంపుతుంది. ఆ అలల్లో ఎక్కువ భాగం బెల్ దగ్గర వెనుదిరిగి పెదాల దగ్గరకే వస్తుంది. వచ్చిన అల, పెదాల తరువాతి అదురుతో సరిగ్గా కలిసినప్పుడే అనునాదం ఏర్పడి స్వరం నిలుస్తుంది. అయితే అలలన్నీ ఒకేచోట వెనుదిరగవు. తక్కువ పౌనఃపున్యం ఉన్నవి బెల్ పూర్తిగా విచ్చుకోకముందే మళ్ళిపోతాయి. ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి అంచుకు దగ్గరగా వెళ్ళి మళ్ళుతాయి. సుమారు 1500 హెర్ట్జ్ దాటినవి చాలావరకు తిరిగి రాకుండా నేరుగా శ్రోతల వైపు వెళ్ళిపోతాయి. అంటే ఈ గొట్టం ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నకు ఒక్కో స్వరం దగ్గర ఒక్కో జవాబు వస్తుంది. మ్యూట్‌ను మనం దూర్చేది సరిగ్గా ఆ జవాబులు తేలే చోటే.

అందువల్ల మ్యూట్ చేసే మొదటి మార్పు శబ్దం పరిమాణంలో కంటే దాని గుణంలో కనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా వాడే స్ట్రెయిట్ మ్యూట్‌నే తీసుకుందాం. అది ముందువైపు వెడల్పుగా, లోపలికి వెళ్ళే వైపు సన్నగా, మొన కోసేసిన శంకువులా ఉంటుంది. పక్కన నిలువుగా మూడు కార్క్ బద్దీలు ఉంటాయి. వాటి మధ్య మిగిలిన మూడు సందుల్లోంచే శబ్దం బయటికి రావాలి. ఆ ఇరుకు దారి, స్వరంతో కలిసి పలికే అనుస్వరాల్లో కిందివాటిని బాగా అడ్డుకుని, పైవాటిని అంతకంటే తేలిగ్గా వదులుతుంది. స్వరానికి నిండుతనం ఇచ్చేవి కిందివి, పదును ఇచ్చేవి పైవి. అందుకే స్ట్రెయిట్ మ్యూట్ పెట్టిన ట్రంపెట్ మెల్లగా వాయిస్తే దూరం నుంచి వస్తున్నట్టు సన్నగా వినబడుతుంది, గట్టిగా ఊదితే కోతపెట్టినట్టు చురుగ్గా తగులుతుంది. ముసోర్గ్‌స్కీ పియానో కోసం రాసిన ‘పిక్చర్స్ ఎట్ ఆన్ ఎగ్జిబిషన్’ను రవెల్ 1922లో ఆర్కెస్ట్రాకు మలిచినప్పుడు, గొణుగుతూ బతిమాలే ఒక పాత్రను మ్యూట్ పెట్టిన ట్రంపెట్‌కు అప్పగించాడు. ఆ భాగంలో వాద్యం వినబడకుండా పోవడం ఆయన కోరిక అయ్యుండదు. ఆ కీచుదనమే ఆయనకు కావాల్సింది. మ్యూట్‌ను శబ్దం తగ్గించే మీటగా చూసినంతకాలం దాని లోతు గురించి ఎవరూ పట్టించుకోరు. దాన్ని గొట్టంలో ఒక భాగంగా చూడటం మొదలుపెడితే సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పట్టించుకోక తప్పదు.

రెండో మార్పు శ్రుతిలో వస్తుంది, గొడవంతా దాంతోనే. బెల్‌లో చేరిన మ్యూట్ పరస్పర విరుద్ధమైన రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఒకవైపు అది బెల్ లోపలి జాగాను ఆక్రమించి గొట్టాన్ని పొట్టి చేసినంత పని చేస్తుంది, దాంతో శ్రుతి పైకి పోవాలి. మరోవైపు నోటిని ఇరుకు చేసి అక్కడి గాలి కదలికను బరువెక్కిస్తుంది, దాంతో శ్రుతి కిందికి దిగాలి. ఈ రెంటిలో ఏది గెలుస్తుందనేది మ్యూట్ ఆకారాన్ని బట్టి, అది దిగిన లోతును బట్టి, వాయించే స్వరాన్ని బట్టి మారుతుంది. నోటిని ఎంత మూస్తే అంత దిగుతుందనో, అంత పెరుగుతుందనో సూటిగా చెప్పే సూత్రం లేదు. ఫ్రెంచ్ హార్న్ ఇందుకు మంచి సాక్ష్యం. దాని బెల్‌లో ఉంచిన కుడిచేతిని కొద్దికొద్దిగా మూస్తూ పోతే శ్రుతి దిగుతూ వస్తుంది, పూర్తిగా మూసి గట్టిగా ఊదితే మాత్రం మామూలు స్వరం కంటే అర్ధస్వరం పైన పలుకుతుంది. గొట్టం చివర చేసే చిన్న మార్పుతో శ్రుతిని దిద్దుకోవడం మన వాద్యాల్లోనూ ఉన్నదే. నాదస్వరంలో వేళ్ళతో మూసే రంధ్రాల కింద మరికొన్ని రంధ్రాలుంటాయి, వాటిని మైనంతో పూడ్చి విద్వాంసులు శ్రుతిని సరిచేసుకుంటారు. ఎంత మైనం పెట్టాలో నాదస్వరం చేసినవాడు నిర్ణయించి పంపడు, వాయించేవాడు విని నిర్ణయిస్తాడు. మ్యూట్ కార్క్ విషయమూ అంతే.

పాతకాలపు సంగీతజ్ఞులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. మాంటెవెర్డీ ఒపేరా ‘ఓర్ఫెయో’ 1607లో మాంటువాలో ప్రదర్శితమైంది. 1609లో అచ్చయిన ప్రతిలో, తెర లేవకముందు వాయించే టొకాటాకు ఒక సూచన ఉంది: ట్రంపెట్లకు మ్యూట్లు పెడితే మిగతా వాద్యాలు ఒక పూర్తి స్వరం పైన వాయించాలి. ఆనాటి మ్యూట్ చెక్కతో తరిణె పట్టినది, నడుమ సన్నటి రంధ్రం తప్ప బెల్‌ను దాదాపు మూసేసేది. అది శ్రుతిని పూర్తి స్వరం పెంచుతుందని అందరికీ తెలుసు కాబట్టి, దాన్ని లోపంగా చూడకుండా మొత్తం బృందాన్నే దానికి తగ్గట్టు జరిపారు. జర్మన్ ట్రంపెట్ విద్వాంసుడు ఆల్టెన్‌బుర్గ్ 1795లో అచ్చువేసిన గ్రంథంలో మ్యూట్ ఎందుకు వాడతారో వరసగా చెబుతూ, శత్రువుకు తెలియకుండా సైన్యం కదలడం, అంత్యక్రియలు వంటివి పేర్కొన్నాడు. అలాంటి సందర్భాల్లో ట్రంపెట్లన్నీ కలిసి పైకి జరిగితే ఇబ్బంది లేదు. ఆ తరువాత సంగీత రచయితలు ఒకే రచనలో కాసేపు మ్యూట్‌తో, కాసేపు మ్యూట్ లేకుండా, మిగతా ఆర్కెస్ట్రాతో కలిసి వాయించమని అడగసాగారు. అప్పుడు నోటిని పూర్తిగా మూయకుండా పక్కల సందులు వదిలే మ్యూట్లు అవసరమయ్యాయి. పూర్తి స్వరం తేడా పోయింది, కానీ తేడా అసలు లేకుండా పోలేదు. మిగిలిపోయిన ఆ కాస్త తేడాను తీర్చే బాధ్యత బృందం భుజాల మీద నుంచి ఒక్కో వాద్యకారుడి చేతికి మారింది.

ఆ కాస్త తేడా ఎంత వినబడుతుందో లెక్కేసి చూడవచ్చు. అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని ఒక సెంటు అంటారు. ఇద్దరు వాద్యకారులు 440 హెర్ట్జ్ దగ్గర ఒకే స్వరం పట్టారనుకుందాం. ఒకరి మ్యూట్ 10 సెంట్లు ఎక్కువ పలికిస్తే రెండు స్వరాల మధ్య తేడా సుమారు రెండున్నర హెర్ట్జ్ అవుతుంది. అంటే ఆ స్వరం నిలకడగా వినబడకుండా సెకనుకు రెండున్నర సార్లు ఉబ్బుతూ తగ్గుతూ ఊగుతుంది. సంగీతం రాని శ్రోత కూడా ఆ ఊగును పట్టేస్తాడు, కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం అంటాడు. డెబ్యుసీ ‘నాక్టర్న్స్’లోని రెండో భాగం ‘ఫెత్’లో దూరం నుంచి ఊరేగింపు వస్తున్నట్టు మూడు ట్రంపెట్లు మ్యూట్లతో చాలా మెల్లగా మొదలవుతాయి. మూడూ దగ్గరదగ్గరి స్వరాలతో కలిసి ఒక మేళనాన్ని మోస్తూ కదులుతాయి. ఆ సమయంలో ఆర్కెస్ట్రా దాదాపు ఖాళీ, మీటిన తంత్రుల చప్పుడు, హార్ప్‌లు, డోలు తప్ప వాటిని దాచే వాద్యం లేదు. మూడు మ్యూట్లు మూడు లోతుల్లో కూర్చుని ఒకటి 5, ఒకటి 12, ఒకటి 20 సెంట్లు పైకి జరిగితే ఆ మేళనం పులిసిపోతుంది. ముగ్గురూ మహా విద్వాంసులే అయినా, ఆ క్షణంలో పెదాలతో సర్దుకోవడం తప్ప మరో దారి ఉండదు. అందుకే చెయ్యాల్సిన పని రిహార్సల్‌కు ముందే, ఇంట్లో, తీరిగ్గా జరిగిపోవాలి.

మరి ఈ సర్దుబాటు కంపెనీవాళ్ళే చేసి పంపవచ్చు కదా అని అడగవచ్చు. వాళ్ళు చెయ్యలేరు, చెయ్యలేమని వాళ్ళకూ తెలుసు. బెల్‌లు అన్నీ ఒకేలా విచ్చుకోవు. కంపెనీ మారితే, ఒకే కంపెనీలో నమూనా మారితే, బీ ఫ్లాట్ నుంచి సీ ట్రంపెట్‌కు మారితే లోపలి వంపు మారుతుంది. అందుకే చాలా స్ట్రెయిట్ మ్యూట్లకు కార్క్‌ను కావాలనే మందంగా వదులుతారు, అరగదీసుకుని అమర్చుకొమ్మని. మందం ఎక్కువైతే తగ్గించవచ్చు గానీ తక్కువైతే పెంచడం కష్టమన్న ముందుచూపు అది. కొన్నవాళ్ళలో చాలామంది ఆ మందపు కార్క్‌తోనే ఏళ్ళ తరబడి వాయిస్తారు. మ్యూట్ బెల్ అంచుకు దగ్గరగా, పైపైనే నిలబడి ఉంటుంది. సందు వెడల్పుగా ఉండటంతో మ్యూట్ నాదం సరిగా రాదు, అదిరి కింద పడే ప్రమాదం కూడా ఉంటుంది. ఇక్కడ గమనించాల్సిన లెక్క ఒకటుంది. మ్యూట్ గోడ, బెల్ గోడ కొంతదూరం దాదాపు ఒకే వాలులో పోతాయి. కాబట్టి కార్క్ మందం అర మిల్లీమీటరు తగ్గితే మ్యూట్ లోపలికి దిగే దూరం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఉప్పుకాగితం మీద నాలుగు రుద్దులు ఎక్కువైతే నాదం మారిపోవడానికి కారణం ఈ వాలే.

పద్ధతిగా చెయ్యాలంటే కొలతతో మొదలుపెట్టాలి. ముందు పది నిమిషాలైనా వాయించి ట్రంపెట్‌ను వేడెక్కనివ్వాలి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే శ్రుతి సుమారు 3 సెంట్లు పెరుగుతుంది కాబట్టి చల్లటి వాద్యంతో తీసుకున్న కొలత నిలవదు. తరువాత కింది సి, దాని పైన జి, నడిమి సి, ఆ పైన ఇ, జి, ఇలా అయిదారు స్వరాలను మ్యూట్ లేకుండా వాయించి ట్యూనర్‌లో ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. ట్యూనర్‌ను వాయించేవాళ్ళు చూడకూడదు, పక్కన ఇంకొకరు చూడాలి. ముల్లు కంటికి కనబడిందంటే పెదాలు తెలియకుండానే దాన్ని మధ్యకు లాగేస్తాయి, అప్పుడు కొలిచింది మ్యూట్‌ను కాకుండా మన సర్దుబాటును అవుతుంది. ఇప్పుడు మ్యూట్ పెట్టి అవే స్వరాలు, అంతే బలంతో వాయించాలి. చూడాల్సింది సున్నాకు ఎంత దూరంలో ఉన్నామని కాదు, మ్యూట్ తెచ్చిన తేడా ఎంతని. మ్యూట్ లేనప్పుడు 4 సెంట్లు తక్కువ, ఉన్నప్పుడు 8 ఎక్కువ చూపిస్తే ఆ స్వరం దగ్గర మ్యూట్ తెచ్చిన తేడా 12. ఇలా అన్ని స్వరాల తేడాలూ పక్కపక్కన పెడితే రెండు సంగతులు విడివిడిగా కనబడతాయి. తేడాలన్నీ దాదాపు ఒకే అంకె అయితే మ్యూట్ సరైన లోతులోనే ఉంది, మొత్తం శ్రుతిని కొంచెం జరిపితే చాలు. ఒకచోట 3, ఇంకోచోట 25 అన్నట్టు చెల్లాచెదురుగా ఉంటే లోతు మార్చి చూడాలి.

లోతును ఎటువైపు మార్చాలో తెలియకుండా కార్క్‌ను అరగదీయడం తొందరపాటు, ఎందుకంటే పోయిన కార్క్ తిరిగి రాదు. దీనికి చవకైన ఉపాయం ఉంది. మూడు కార్క్‌ల మీదా ఒక్కో పొర కాగితపు టేపు అంటిస్తే మ్యూట్ కాస్త బయటికి జరుగుతుంది. అవే స్వరాలు మళ్ళీ కొలవాలి. బయటికి జరిగితే తేడాలు పెరిగి, నాదం పలచబడిందంటే వెళ్ళాల్సిన దారి లోపలికన్నమాట. మెరుగైతే టేపు స్థానంలో పలచటి కార్క్ పొర అంటించుకోవచ్చు. లోపలికే వెళ్ళాలని తేలాక సన్నరకం ఉప్పుకాగితం తీసుకుని, మూడు కార్క్‌లనూ నిలువునా, లెక్కపెట్టి సమానంగా రుద్దాలి. ఒక్కోదాన్ని అయిదు సార్లు రుద్ది, దుమ్ము దులిపి, పెట్టి చూసి, వాయించి, అప్పుడే మళ్ళీ రుద్దాలి. ఒక కార్క్ ఎక్కువ అరిగితే మ్యూట్ పక్కకు ఒరుగుతుంది, సందు ఒకవైపు ఇరుకై మరోవైపు వెడల్పవుతుంది, కొన్ని స్వరాల దగ్గర జుయ్యిమనే శబ్దం మొదలవుతుంది. కార్క్ పొడవునా గోడకు ఆనుతోందో లేదో చూడటానికి సన్నటి కాగితపు ముక్కను మధ్యలో పెట్టి లాగితే చాలు, తేలిగ్గా జారితే అక్కడ పట్టు లేనట్టే. పెట్టేముందు బెల్‌లోకి ఒకసారి నోటి ఆవిరి ఊది, మ్యూట్‌ను కొద్దిగా తిప్పుతూ అమర్చడం వాద్యకారుల అలవాటు. ఆ తేమకు కార్క్ గట్టిగా పట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకే బలంతో, ఒకే తీరుగా పెట్టకపోతే లోతు మారిపోయి ఇంత కొలిచీ ఫలితం ఉండదు.

ఈ శ్రమంతా ఎందుకు, గొట్టం పొడవును మార్చే జారుడు వంపు, అంటే ట్యూనింగ్ స్లైడ్, లాగితే పోదా అన్నది అనుభవజ్ఞులు కూడా చేసే వాదన. అందులో సగం నిజముంది. 10 సెంట్లు దించాలంటే గొట్టం పొడవు 8 మిల్లీమీటర్లకు పైగా పెరగాలి. స్లైడ్‌కు రెండు కాళ్ళు కాబట్టి దాన్ని సుమారు 4 మిల్లీమీటర్లు లాగితే ఆ పొడవు వచ్చేస్తుంది. అయితే స్లైడ్ స్వరాలన్నిటినీ ఒకేవైపు జరుపుతుంది, మ్యూట్ మాత్రం ఒక్కో స్వరాన్ని ఒక్కోలా జరుపుతుంది. పైన చెప్పిన కొలతల్లో 3, 25 అని వచ్చినచోట స్లైడ్‌ను ఎంత లాగినా ఒకదాన్ని బాగుచేసి మరొకదాన్ని పాడుచేసినట్టే అవుతుంది. పైగా మూడు వాల్వులూ నొక్కితే గాలి నడిచే దారి దాదాపు 40 శాతం పెరుగుతుంది కాబట్టి, అదే 4 మిల్లీమీటర్లు అక్కడ తక్కువ ప్రభావం చూపిస్తుంది. ఆచరణలో ఇంకో చిక్కు ఉంది. మ్యూట్ పెట్టడానికో తియ్యడానికో రచనలో కొన్ని సెకన్ల విరామమే దొరుకుతుంది. ఆ వ్యవధిలో మ్యూట్‌తో పాటు స్లైడ్‌నూ గుర్తుపెట్టుకుని లాగడం, మళ్ళీ తోయడం మరిచిపోయే అవకాశం ఎక్కువ. అందుకని చెల్లాచెదురును కార్క్‌తో తీర్చి, మిగిలిన సమాన తేడాను మాత్రం స్లైడ్‌కు వదలాలి. వరస తిరగేస్తే రెండూ కుదరవు.

పెదాలతో దిద్దుకోవచ్చు, మంచి వాద్యకారులందరూ అదే చేస్తారు కదా అన్నది ఇంకో అభ్యంతరం. చేస్తారు, చెయ్యాలి కూడా. మేళనంలో అంతర గాంధారం స్థానంలో ఉన్న స్వరం ట్యూనర్ చూపించే దానికంటే దాదాపు 14 సెంట్లు తక్కువగా ఉంటేనే హాయిగా కలుస్తుంది. కాబట్టి ట్యూనర్ ముల్లును వేదవాక్కుగా తీసుకోవడం సంగీతం కాదు, ఆఖరి తీర్పు చెవిదే. కానీ పెదాలకు ఉన్న ఆ స్వేచ్ఛను ఇలాంటి సంగీత అవసరాల కోసం అట్టే పెట్టుకోవాలి. అనునాదం ఒకచోట బలంగా ఉండగా పెదాలు స్వరాన్ని ఇంకోచోటికి లాగితే వాద్యం సహకరించదు. స్వరం సన్నబడుతుంది, మొదలు తడబడుతుంది, పెదాలు త్వరగా అలసిపోతాయి. మ్యూట్ భాగాలు చాలాసార్లు మెల్లగా, పై స్థాయిలో ఉంటాయి, అలసట అక్కడే ఎక్కువ బయటపడుతుంది. బాగా వాయించేవాళ్ళు చెడ్డ మ్యూట్‌తో కూడా నెగ్గుకొస్తారన్నది నిజమే అయినా, నేర్చుకునే పిల్లవాడికి ఆ వాదన పనికిరాదు. వాడికి సరైన స్వరం ఎక్కడుందో ఇంకా స్థిరపడలేదు. రోజూ తప్పుచోట పలికే మ్యూట్‌తో సాధన చేస్తే చెవి కూడా ఆ తప్పుకే అలవాటు పడుతుంది.

ఇంతవరకు చెప్పింది స్ట్రెయిట్ మ్యూట్ గురించి. సూత్రం ఒకటే అయినా మిగతా రకాల్లో సందు వేరే చోట ఉంటుంది. కప్ మ్యూట్ అంటే స్ట్రెయిట్ మ్యూట్ చివర బెల్‌కు ఎదురుగా తిరిగిన గిన్నె లాంటి భాగం ఉన్నది. నాదాన్ని నిర్ణయించేది గిన్నె అంచుకూ బెల్ అంచుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. గిన్నె దగ్గరైనకొద్దీ నాదం మెత్తబడి, ముదురుగా మారుతుంది, శ్రుతి దిగే ధోరణి చూపిస్తుంది. దూరమైనకొద్దీ స్ట్రెయిట్ మ్యూట్ లక్షణాలు బయటపడతాయి. గిన్నె కదలని మ్యూట్‌లో ఈ ఖాళీని మార్చాలంటే కార్క్‌నే అరగదీయాలి, అప్పుడు లోపలి సందు కూడా మారిపోతుంది. ఈ ఇరకాటాన్ని తప్పించడానికే గిన్నెను ముందుకూ వెనక్కూ జరుపుకునే మ్యూట్లు వచ్చాయి. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించిన డెనిస్ విక్ పేరుతో అమ్మే కప్ మ్యూట్ ఆ కోవలోదే. మైకు ముందు మెత్తగా కావాలంటే గిన్నెను దగ్గరికి, పెద్ద హాల్లో వినబడాలంటే దూరానికి జరపవచ్చు. వాయించేవాళ్ళ చేతిలో మిగతా సగం ఉందని ఇక్కడ తయారీదారే ఒప్పుకుని, మర చేసి ఇచ్చాడు.

హార్మన్ మ్యూట్ మాత్రం లెక్కను తలకిందులు చేస్తుంది. దాని చుట్టూ కార్క్ తెగకుండా ఉంగరంలా ఉంటుంది, పక్కల సందు ఏమాత్రం ఉండకూడదు, గాలి అంతా మ్యూట్ నడుమ రంధ్రం గుండానే పోవాలి. ఆ రంధ్రంలో ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని చివరి గిన్నెను అరచేత్తో మూసి తెరిస్తే వా-వా అనే శబ్దం పుడుతుంది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆ గొట్టాన్ని పూర్తిగా తీసేసి, బెల్‌ను మైకుకు బాగా దగ్గరగా పెట్టి వాయించాడు. 1956లో రికార్డు చేసిన ‘రౌండ్ మిడ్‌నైట్’లో వినబడే లోహపు గుసగుస అదే. హార్మన్‌ను కొన్నవాళ్ళు స్ట్రెయిట్ మ్యూట్ అలవాటు కొద్దీ దాని కార్క్‌ను అడ్డదిడ్డంగా రుద్దితే ఒకవైపు గాలి కారి, ఆ గుసగుస కాస్తా మామూలు ఊపిరిగా మారిపోతుంది. ఇక్కడ ఉప్పుకాగితం పని లోతు మార్చడానికి కాదు, ఉంగరం చుట్టూ పట్టు సమానం చెయ్యడానికి. ఈ మ్యూట్ సాధారణంగా శ్రుతిని పెంచుతుంది కాబట్టి స్లైడ్ సాయం తప్పదు. ఒక మ్యూట్‌కు తగిన చికిత్స ఇంకోదానికి చేటు చేస్తుందంటే అది మన వాదనకు బలమే. ప్రతి మ్యూట్, బెల్ జంటనూ విడిగా విని తేల్చాలి.

ఉప్పుకాగితం అన్నిటికీ మందు కాదని కూడా చెప్పుకోవాలి. అమెరికా భౌతిక శాస్త్రవేత్త జాన్ బ్యాకస్ 1976లో ప్రచురించిన కొలతల్లో, స్ట్రెయిట్ మ్యూట్ పెట్టినప్పుడు ట్రంపెట్‌కు సొంత అనునాదాలతో పాటు బాగా కింద ఇంకో అనునాదం తోడవుతుందని తేలింది. అది మ్యూట్ బోలుతనం వల్ల పుట్టేది. మ్యూట్‌తో కింది స్వరాలు కొన్నిసార్లు మాట వినకుండా వణకడంలో దీనికి పాత్ర ఉంటుంది. పారిస్‌లోని సంగీత పరిశోధన సంస్థ ఇర్కామ్‌కు చెందిన పరిశోధకులు ట్రాంబోన్ మ్యూట్‌లో మైక్రోఫోను, చిన్న స్పీకరు అమర్చి ఇలాంటి అదనపు అనునాదాన్ని అణచే ప్రయోగం చేశారంటే, కార్క్‌తో తీరని సమస్యలు ఉన్నాయనే అర్థం. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు కోసం వాడే ప్రాక్టీస్ మ్యూట్లలో ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బెల్‌ను దాదాపు మూసేయడంతో గాలికి అడ్డు పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది, కింది స్వరాలు నిలవవు. హైదరాబాద్ ఫ్లాట్‌లోనైనా, డాలస్ ఇంట్లోనైనా పిల్లవాడు రోజంతా దానితోనే సాధన చేస్తే నష్టమే. వేళ్ళ వేగానికీ, వరసలు గుర్తుపెట్టుకోవడానికీ దాన్ని వాడుకుని, స్వరం మీద సాధనకు రోజులో కొంత సమయమైనా మ్యూట్ లేకుండా దొరికేలా చూడాలి. అప్పుడే ఏది వాద్యం గుణం, ఏది మ్యూట్ గుణం అన్నది చెవికి తెలుస్తుంది.

కాబట్టి కొట్టులో ఏ కంపెనీ మంచిదని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. అల్యూమినియం చురుగ్గా పలుకుతుంది, అట్ట మెత్తగా పలుకుతుంది అన్న తేడాలు ఉన్నాయి, కానీ పైపైన నిలబడ్డ ఖరీదైన మ్యూట్ కంటే సరైన లోతులో కూర్చున్న మామూలు మ్యూట్ ఆర్కెస్ట్రాలో బాగా కలుస్తుంది. ఉప్పుకాగితం ముక్క, ఫోనులో ఉచితంగా దొరికే ట్యూనర్, పక్కన ముల్లు చూసే మనిషి, ఒక మధ్యాహ్నం తీరిక ఉంటే ఈ పని అయిపోతుంది. అయితే ఒకసారి చేసి మరిచిపోయేది మాత్రం కాదు. కార్క్ ఎండిపోతుంది, నొక్కుకుపోతుంది, అంచులు రాలుతాయి. ఏడాదికోసారైనా పాత కొలతలతో పోల్చి చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కుదిరిన లోతు మ్యూట్ ఒక్కదానికే చెందినది కాదు, ఆ మ్యూట్‌కూ ఆ బెల్‌కూ కలిపి చెందినది. ట్రంపెట్ మారిన రోజున పాత మ్యూట్ మళ్ళీ సగం తయారైన వస్తువే అవుతుంది. అప్పుడు దాన్ని పారేయనక్కర్లేదు, అరిగిన కార్క్ ఊడదీసి, మందంగా కొత్త కార్క్ అంటించి, కొలతలు మొదటి నుంచి తీసుకోవాలి.